చేపల వేటకీ, పిల్లల సరదాకీ ఒకే అల్యూమినియం పడవ: మన సిక్కోలు, విజయనగరం నీళ్లకి ఎలా ఎంచుకోవాలి

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే మొగ లోపల నిలబడి చూస్తే నీళ్లు చెరువులా కనిపిస్తాయి. ఏ పడవైనా చాలులే అనిపిస్తుంది. కాస్త బయటకి వెళ్తే ఇసుక మేట మీద కెరటాలు ఒకదాని వెనక ఒకటి విరుగుతుంటాయి. ఏరు బయటకి నెడుతుంది, సముద్రం లోపలికి నెడుతుంది. చేపలకి వెళ్లినా, ఆదివారం పిల్లల్ని తిప్పడానికి వెళ్లినా ఆ పది నిమిషాల దారి దాటి వెళ్లాలి, దాటి తిరిగి రావాలి. పడవ కొనేటప్పుడు నేను ముందు చూసేది ఆ పది నిమిషాల్నే. రంగూ సీట్లూ హార్స్‌పవరూ ఆ తర్వాత.

మాది ఉద్దానం. మా వైపు కుర్రాళ్లు చాలామందిలాగే వెల్డింగ్ నేర్చుకుని గల్ఫ్ వెళ్లాను. అక్కడ పడవల యార్డులో తొమ్మిదేళ్లు అల్యూమినియం అతికాను. తిరిగొచ్చాక కొన్న మొదటి పడవ పద్నాలుగు అడుగుల పొడవుది, కింద అడుగు భాగం చదును, రివెట్ల పని. చెరువు నీళ్ల మీద నడిపి చూశాను, బల్లలా కదలకుండా నిలబడింది, కొనేశాను. మూడు వారాల తర్వాత అదే పడవలో నా భార్యనీ, తొమ్మిదేళ్ల కూతుర్నీ ఎక్కించుకుని మొగ దాకా వెళ్లాను. కెరటం తగిలినప్పుడల్లా పడవ ఎగిరి దబ్బున పడింది. ఇంటికి తెచ్చి చూస్తే ఏడు రివెట్లు వదులయ్యాయి. పాప ఆ ఏడాదంతా పడవ ఎక్కనంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మా పెదమావ దాన్ని ఓసారి చూసి, "ముక్కు ఎత్తు నేదురా అల్లుడూ. ఇది కెరటాన్ని ఎక్కదు, తాగుతాది" అన్నాడు. యార్డులో నేర్చుకున్నదానికి ఆ మాట జోడించి కింది వరస తయారుచేసుకున్నాను. ఇదే వరసలో వెళ్లండి.

ముందు మీ నీళ్లేవో తేల్చుకోండి

ఓ కాగితం తీసుకుని, ఏడాదిలో మీ పడవ ఎన్ని రోజులు ఏ నీళ్లలో ఉంటుందో రాయండి. మన రెండు జిల్లాల్లో మూడు రకాల నీళ్లున్నాయి. తాటిపూడి, మడ్డువలస లాంటి జలాశయాలు ఒకటి. వంశధార, నాగావళి, చంపావతి, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట్ల ఉండే ఉప్పునీటి మొగలు రెండోది. ఇసుక మీంచి తోసి నేరుగా సముద్రంలోకి దింపే తీరం మూడోది. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఊరూరా పడవల్ని ఇసుక మీదికి లాగి పెట్టుకోవడమే అలవాటు. జెట్టీకి కట్టేసి, మెట్లు దిగి ఎక్కే సౌకర్యం మనకి అరుదు. కాబట్టి మన దగ్గర బరువు పెద్ద లెక్క. నలుగురు మనుషులు, నాలుగు దుంగలు ఉంటే కదిలే పడవ కావాలి.

అల్యూమినియం మనకి పనికొచ్చేది ఇక్కడే. తేలిక, రాయి తగిలితే పగలదు, సొట్ట పడుతుంది. ట్రైలర్ మీద వేసుకుని ఒక వారం నదికి, ఒక వారం సముద్రానికి తీసుకెళ్లొచ్చు. కానీ రోజూ వలేసి దాని మీదే బతికే ఇంటికి నేను ఫైబర్ తెప్పే మేలంటాను. ఫైబర్‌కి చిల్లు పడితే ఊళ్లోనే రెజిన్ పూసి మర్నాటికి దింపేస్తారు. అల్యూమినియం చీలితే దాన్ని అతకడం వచ్చిన మనిషిని వెతకాలి. వారానికి ఒకటి రెండు రోజుల వేట, మిగతా రోజుల్లో కుటుంబం అనుకుంటేనే ముందుకి చదవండి.

ఆ కాగితం మీదే నెలలు కూడా వేసుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజిన్ పడవలతో సముద్రంలో వేట నిషేధం. బడి సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. ఆ రోజుల్లో పిల్లలతో బయల్దేరితే పడవలో వల, గేలం ఏవీ ఉండకూడదు. అందుకే వేట సామాను పూర్తిగా విప్పి ఇంట్లో పెట్టుకునే వీలున్న పడవే కొనాలి. జూన్ తర్వాత దక్షిణం నుంచి కెరటం పెరుగుతుంది, అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానాన్ని ఏం చేసిందో ఎవరూ మర్చిపోలేదు. పిల్లలతో సముద్రానికి మంచి రోజులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మిగతా కాలమంతా నదీ, మొగ లోపలి నీళ్లే అనుకుని పడవని లెక్కేసుకోండి.

అడుగు, ముక్కు

పడవ వెనక్కి వెళ్లి, ఇంజిన్ బిగించే పలక దగ్గర కింద ఎంత వాలుందో చూడండి. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ ఉంటుంది. ఫోన్ని ఆ అడుగుకి ఆనిస్తే డిగ్రీలు చెబుతుంది. పడవ తిన్నగా, ఏ పక్కకీ ఒరగకుండా ఉన్నప్పుడే కొలవాలి.

సున్నా డిగ్రీలంటే చదును అడుగు. నిలిచిన నీళ్లలో అంత కుదురైంది ఇంకోటి లేదు, లోతు తక్కువున్నా తేలుతుంది. కెరటంలో మాత్రం నడుములు విరగ్గొడుతుంది. 18 నుంచి 20 డిగ్రీల లోతైన వాలు కెరటాన్ని కత్తిలా కోస్తుంది. కానీ ఆగి గేలం వేసినప్పుడు ముగ్గురు ఒకే పక్కకి చేరితే బాగా ఒరుగుతుంది, ఇంజిన్ పెద్దది కావాలి, ఇసుక మేట మీద తొందరగా ఆనుతుంది. వేట, కుటుంబం రెండూ కావాలంటే 14 నుంచి 16 డిగ్రీల మధ్య చూడమంటాను. పూర్తిగా జలాశయంలోనే తిప్పేవాళ్లు 12కి దిగొచ్చు.

తర్వాత ముక్కు. పక్కనుంచి చూస్తే ముందు భాగం నడుము కన్నా స్పష్టంగా ఎత్తుగా లేవాలి, పైకి పోయేకొద్దీ బయటకి విచ్చుకోవాలి. అలా విచ్చుకున్న ముక్కు నీటిని పక్కలకి చిమ్ముతుంది. నిటారుగా ఉన్న ముక్కు ఆ నీటినే మీ ఒళ్లోకి తెస్తుంది. వెనక పలక ఎత్తు కూడా అంతే ముఖ్యం. మొగలోకి తిరిగి వచ్చేటప్పుడు కెరటం వెనకనుంచి వస్తుంది, అక్కడ పలక తక్కువైతే నీళ్లు ఇంజిన్ మీంచి లోపలికి దూకుతాయి. వెనక పలకకీ, మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఒక అడ్డుగోడ, నీళ్లు వాటంతట అవి పోయే రంధ్రాలు ఉన్న పడవ దొరికితే పదివేలు ఎక్కువైనా అదే తీసుకోండి.

రేకు, అతుకు

అన్నం గిన్నెలు చేసే అల్యూమినియం మెత్తనిది, పడవకి పనికిరాదు. ఉప్పునీటికి వాడేది మెగ్నీషియం కలిపిన రకం. దాన్ని అంకెలతో గుర్తిస్తారు: 5083, 5086, 5052. సముద్రానికి అడుగు ప్లేటు 5083 గానీ 5086 గానీ ఉండాలి. 5052 పక్కలకి బాగుంటుంది, నదీ పడవకి అడుగున కూడా సరిపోతుంది. 6061 అనే రకం గొట్టాలకి, పక్కటెముకలకి వాడతారు. అది గట్టిదే, కానీ వెల్డింగ్ వేడి తగిలిన చోట మెత్తబడి బలం బాగా కోల్పోతుంది. అడుగంతా 6061తో చేశామని ఎవరైనా గొప్పగా చెబితే తొందరపడకండి. ప్లేటు వచ్చిన మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం చూపించమనండి. మంచి పని చేసేవాడు ఆ కాగితం దాచుకునే ఉంటాడు.

మందం సంగతి. జలాశయానికి 2 మిల్లీమీటర్లు చాలు. మొగ లోపల తిప్పడానికి 3. ఇసుక మీద లాగి, కెరటంలోకి దింపే పడవకి అడుగు 4, పక్కలు 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. పైగా నడిమి అడుగుకి నిలువునా ఒక అదనపు పట్టీ అతికించుకోండి. ఇసుక ఆకురాయిలా అరగదీస్తుంది. అరిగేది ఆ పట్టీ అయితే నాలుగైదేళ్లకోసారి మార్చుకోవచ్చు. ప్లేటే అరిగితే మార్చలేం.

రివెట్లా, వెల్డింగా? జలాశయానికి రివెట్ల పడవ చవక, తేలిక, తప్పేం లేదు. కెరటంలో మాత్రం ప్రతి దెబ్బకీ రివెట్టు కొంచెం కొంచెం కదులుతుంది, ఆ సందులో ఉప్పునీరు నిలుస్తుంది. సముద్రానికి వెల్డింగ్ పడవే.

అతుకు ఎలా చూడాలో చెప్తాను. మంచి అతుకు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి వాల్చి పేర్చినట్టు సమంగా ఉంటుంది. మధ్యలో మసి, సూదిపోటు రంధ్రాలు, అంచున గాడిలా తిన్న చోటు ఉండకూడదు. అడుగు మధ్య అతుకు, వెనక పలక చుట్టూ అతుకు ఎక్కడా తెగకుండా సాగాలి. లోపల పక్కటెముకల్ని మాత్రం ముక్కలు ముక్కలుగా అతుకుతారు. ప్లేటు వంకర పోకుండా కావాలనే అలా చేస్తారు, దాన్ని చూసి కంగారుపడొద్దు. అనుమానం ఉంటే వెల్డింగ్ సామాన్ల దుకాణంలో పగుళ్లు కనిపెట్టే ఎర్రరంగు స్ప్రే, దానితోపాటు తెల్లపొడి స్ప్రే దొరుకుతాయి. ఎర్రది కొట్టి, కాసేపు ఆగి, తుడిచి, తెల్లది కొడితే పగులున్న చోట ఎర్రగీత తేలుతుంది. ఈ పరీక్షకి అరగంట పడుతుంది. మొహమాటపడకుండా చేయించండి.

మరమ్మతు మాట కూడా ఇక్కడే. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీదుండే పలుచని పొర కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. అందుకే ఇనప గేట్లు అతికే మామూలు మిషన్‌తో చేయిస్తే పైన అతికినట్టుండి లోపల పట్టదు. ఆర్గాన్ గ్యాస్‌తో టిగ్ గానీ మిగ్ గానీ వెల్డింగ్ చేసే మనిషి కావాలి. ఉద్దానంలో సెలవులకొచ్చిన వెల్డర్లు చాలామంది ఉంటారు. పడవ కొనకముందే అలాంటి ఒకరితో మాట్లాడి పెట్టుకోండి.

ఎంత పొడవు, ఎంతమంది

ఇరవై అడుగుల లోపు పడవలకి అమెరికా వాళ్లు వాడే తేలిక లెక్క ఒకటుంది: పొడవుని వెడల్పుతో గుణించి, 15తో భాగించండి, అన్నీ అడుగుల్లోనే. పదహారు అడుగుల పొడవు, ఆరున్నర వెడల్పు అంటే 104. భాగిస్తే 6.9, అంటే నిండుగా ఆరుగురు. అది నిలకడ నీళ్లకి చెప్పిన సంఖ్య. మొగ దాటాలంటే నేను ఇద్దర్ని తగ్గిస్తాను. ఐస్ పెట్టె, పెట్రోలు డబ్బా, లంగరు కలిస్తే ఒక మనిషి బరువు దాటిపోతాయి.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి పదిహేను నుంచి పదిహేడు అడుగులు సరిపోతాయి. అంతకన్నా పెద్దదైతే ఇసుక మీద లాగడానికి ప్రతిసారీ ట్రాక్టర్ పిలవాలి. సీట్ల కిందా, అడుగు కిందా తేలే ఫోమ్ నింపారా అని అడగండి. పడవ నిండా నీళ్లు నిండినా మునగకుండా పట్టుకునేది ఆ ఫోమే. అది లేని పడవలో నా పిల్లల్ని ఎక్కించను.

ఇంజిన్

మన ఒడ్డున తెప్పలకి బిగించే 9.9 హార్స్‌పవర్ ఇంజిన్ వేటకి చాలు. నలుగురితో పడవ నీటి మీదికి లేచి పరిగెత్తాలంటే చాలదు. పదహారు అడుగుల పడవకి 40 పెడితే పిల్లల్ని గాలి ట్యూబు మీద లాగొచ్చు. పెద్దవాళ్లు స్కీ చేయాలంటే 60 కావాలి. వెనక పలక ఎంత హార్స్‌పవర్ మోస్తుందో తయారీదారు పలక మీద రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు.

ఇంజిన్ నుంచి నీళ్లలోకి దిగే కాడ పొడవు 15 అంగుళాలా 20 అంగుళాలా అన్నది మీ పలక ఎత్తుతో సరిపోవాలి. పొడవైతే ఇసుకలో గుచ్చుకుంటుంది, పొట్టిదైతే కెరటం మీద గాలి తాగి పట్టు వదిలేస్తుంది. ఏ కంపెనీది కొనాలని అడిగితే, మీ ఊరి ఒడ్డున మెకానిక్ దగ్గర ఏ కంపెనీ విడిభాగాలున్నాయో అదే కొనమంటాను. 40 హార్స్‌పవర్ ఇంజిన్ని పూర్తి జోరు మీద నడిపితే గంటకి పదమూడు నుంచి పదిహేను లీటర్లు తాగుతుంది. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మూడో వంతు ముట్టుకోవద్దు. రెండు తెడ్లు ఎప్పుడూ పడవలోనే ఉండాలి.

పిల్లల కోసం

లోపల నిలబడితే పక్క గోడ పెద్దవాళ్ల మోకాలు దాటాలి. అడుగు పలక నుంచి 60 సెంటీమీటర్లు ఉంటే నాకు ధైర్యం. వెనక పక్క మెట్ల నిచ్చెన తప్పనిసరి. నీళ్లలోంచి తడి బట్టలతో పడవ ఎక్కడం పెద్దవాళ్లకే కష్టం, పిల్లలు అసలు ఎక్కలేరు. లోపలి రేకు ఎండకి పెనంలా కాలుతుంది. లేతరంగు వేయించి, కాళ్లకింద రబ్బరు ఫోమ్ చాప అతికించండి. నీడకి మడిచే గొడుగు లాంటి పందిరి పెట్టుకుంటే ముసలివాళ్లు కూడా వస్తారు.

ట్యూబు తాడుని వెనక మూలనున్న కొక్కేనికి కట్టొద్దు, పడవ ఒక పక్కకి లాగుతుంది. మధ్యలో వెల్డింగ్ చేసిన కమ్మీకి కట్టాలి. తాడు 15 నుంచి 18 మీటర్లు, వేగం పిల్లలకి గంటకి 20, 25 కిలోమీటర్లు దాటనక్కర్లేదు. నడిపేవాళ్లు ముందుకి చూడాలి, ఇంకొకరు ట్యూబునే చూస్తూ కూర్చోవాలి. మనిషి నిచ్చెన దగ్గరికొచ్చేసరికి ఇంజిన్ ఆగిపోయి ఉండాలి, న్యూట్రల్ చాలదు. ఇంజిన్ని ఆపే ఎర్రతాడు నడిపేవాళ్ల మణికట్టుకో నడుముకో కట్టుకునే ఉండాలి. కెరటాలు విరిగే చోట ట్యూబు ఆట అస్సలొద్దు, మొగ లోపల గానీ జలాశయంలో గానీ ఆడించండి.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఏం జరిగిందో మనందరికీ తెలుసు. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లేనట్టే. పిల్లలవి వాళ్ల బరువుకి తగినవి, కాళ్ల మధ్యనుంచి పట్టీ ఉన్నవి కొనండి. పెద్దల జాకెట్ పిల్లలకి వేస్తే నీళ్లలో పడగానే పైకి జారిపోతుంది.

ఇంకో మాట. ఒడ్డుకి దగ్గర్లో మనవాళ్లు వలలు వేసి ఉంటారు, తేలే బెండ్లు చూసుకుని దూరంగా తిరగండి. ఒక వల మీ ఇంజిన్‌కి చుట్టుకుంటే ఓ ఇంటి నెల సంపాదన పోయినట్టే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. ఆ రోజుల్లో తీరం వెంబడి జోరుగా పోకండి, చీకటి పడితే అసలే వద్దు.

వేట కోసం

ఇది తక్కువలో తేలిపోతుంది. గాలపు కర్రలు నిలబెట్టే గొట్టాలు, ఐస్ పెట్టె, లంగరు తాడుకి చోటు. ఐస్ పెట్టెనే సీటుగా వాడుకుంటే చోటు కలిసొస్తుంది. వల లాగే పక్క అంచు మీద బొడిపెలు, కొక్కేలు ఉండకూడదు, వల చిక్కుకుని చిరుగుతుంది. మొగలో పండుగప్పకో, బయట వంజరానికో గేలంతో వెళ్లేవాళ్లకి ముందుభాగంలో నిలబడే చదును చోటు కావాలి. గేలాలూ సీసం గుళ్లూ మూతున్న ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి. పిల్లల కాళ్లకోసం ఒకటి, రెండో కారణం కింద చెప్తాను.

పక్కన ఏ లోహం పెడుతున్నారు

అల్యూమినియం ఉప్పునీటికి భయపడదు. ఉప్పునీటిలో పక్కన రాగి, ఇత్తడి, సీసం, స్టీలు ఉంటే అది తనని తాను అరగదీసుకుంటుంది. పడవ అడుగున రెండు నెలలు పడి ఉన్న సీసం గుండు కింద చిల్లు పడటం నేను చూశాను. రాగి తీగ ముక్క, ఇత్తడి బోల్టు, జేబులోంచి జారిన నాణెం, అన్నీ అంతే. స్టీలు బోల్టు పెట్టక తప్పకపోతే మధ్యలో నైలాన్ వాషరు, చుట్టూ పూత ఉండాలి. నాచు పట్టకుండా వేసే రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. డబ్బా మీద అల్యూమినియానికి తగినదని రాసి ఉంటేనే కొనండి.

పడవకీ ఇంజిన్‌కీ కొన్ని లోహపు దిమ్మలు బిగిస్తారు. పడవ బదులు అవి అరుగుతాయి. ఉప్పునీటికి జింకువి గానీ అల్యూమినియంవి గానీ, మంచినీటికి మెగ్నీషియంవి. సగం అరగగానే మార్చాలి, వాటికి రంగు వెయ్యకూడదు. బ్యాటరీ రెండు వైర్లూ నేరుగా ఇంజిన్‌కే వెళ్లాలి, పడవ రేకుని వైరులా వాడకూడదు. తడిసిన గోనె, తివాచీ రేకుకి అంటుకుని ఉంటే కింద తెల్లపొడి రేగుతుంది. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో లోపలా బయటా కడిగి, ముక్కు ఎత్తి, నీళ్లు పోయే రంధ్రానికుండే అడుగు బిరడా తీసి ఆరబెట్టండి.

పాత పడవ కొంటుంటే

రంగు కొత్తగా ఉంటే అడుగు మీద వేలితో నొక్కుతూ వెళ్లండి. బుడగలా లేచిన చోట చిన్న స్క్రూడ్రైవర్‌తో గీకితే తెల్లపొడి రాలుతుందా చూడండి. పడవని దుంగల మీద గట్టిగా నిలబెట్టి, లోపల చీలమండ లోతు నీళ్లు పోసి, గంట ఆగి కిందనుంచి చూడండి. చెమ్మ కారే ప్రతి రివెట్టూ, అతుకూ బయటపడుతుంది. ఇంజిన్ కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. వెనక పలక దానితోపాటు వంగితే లోపలి చెక్క కుళ్లిందనో, అతుకు తెగిందనో అర్థం. ఆ పడవని వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే.

కాగితాలు

సముద్రంలో వేటకి వాడే పడవని మత్స్యశాఖ ద్వారా పడవల నమోదు వెబ్‌సైట్ రియల్‌క్రాఫ్ట్‌లో నమోదు చేయించాలి. నదుల మీద తిప్పే ఇంజిన్ పడవలకి 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఉంది. తాటిపూడి విశాఖకి తాగునీరిచ్చే జలాశయం. అక్కడ గానీ మరే జలాశయంలో గానీ పెట్రోలు ఇంజిన్ దింపే ముందు జలవనరుల శాఖ అనుమతి అడగండి. డబ్బు తీసుకుని జనాన్ని తిప్పితే అది వేరే వ్యవహారం, దానికి వేరే అనుమతులు కావాలి.

తొలి నెల

డబ్బు పూర్తిగా ఇవ్వకముందే ఒకసారి నీళ్లలో చూపించమనండి. ఇంజిన్ ఆపి, మీతో వచ్చిన పెద్దవాళ్లందర్నీ ఒకే పక్కకి నిలబెట్టండి. అంచు నీటికి ఎంత దగ్గరికొచ్చిందో చూడండి, జానెడు కన్నా తక్కువ మిగిలితే ఆ పడవ మీ ఇంటికి కాదు. నిదానంగా, వేగంగా, మలుపులో, వెనక్కి, అన్నీ నడిపి చూడండి.

కొన్నాక మొదటి రెండు వారాలు మీరూ, తీరం తెలిసిన ఒక మత్స్యకారుడూ మాత్రమే వెళ్లండి. బయల్దేరే ముందురోజు సాయంత్రం, సముద్రం తీరు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ, హైదరాబాద్ ఇన్‌కాయిస్ వాళ్లు ఇచ్చే కెరటాల ఎత్తు సూచన చూసుకోండి. మొగ దాటడానికి నీరు పోటు మీదున్నప్పుడు వెళ్లడం మేలు. పాటు తీస్తున్నప్పుడు ఏరు, కెరటం ఎదురెదురుగా తగిలి నిటారుగా లేస్తాయి. ఒడ్డున నిలబడి పది నిమిషాలు కెరటాలు లెక్కపెట్టండి. పెద్దవి గుంపుగా వచ్చి, తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. ఆ తెరిపిలోనే మా పెదమావ పడవ తోస్తాడు. మూడో వారం ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి. వాళ్లు భయపడకుండా తిరిగొస్తే, ఓ డిసెంబరు ఉదయం పిల్లలకి జాకెట్లు తొడిగి మొగ లోపలే ఒక గంట తిప్పండి.

ఇంజిన్ తాళంచెవికి ఒక దారం కట్టి, దానికి అడుగు బిరడా వేలాడదీయండి. బిరడా బిగించకుండా తాళం పెట్టే వీలుండదు. ఇప్పుడు నా పడవలో ఆ పని మా పాపదే.